అలిగిన యంత్రము

2025 సంవత్సరపు బతుకమ్మ దినములలో మా యింట జరిగిన యొక విషయమును సోదరీమణులకు మనవి చేయదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. విషయము కంప్యూటరును గూర్చినది. ఆ పేరు వినగానే "ఇది మగవారి సంగతి, మనకేల?" యని పుట త్రిప్పవలదని మా ప్రార్థన. మొన్నమొన్నటి వరకు మేమును అట్లే త్రిప్పినవారమే. ఇందులో మేము నేర్చినది కొంత గలదు. మేము చేసిన తప్పొకటి కలదు. నేర్చినదానికంటె ఆ తప్పే ముఖ్యమని తోచుటచే దాచక వ్రాయుచున్నాము.

మేమనగా ఇద్దరము తోడికోడండ్రము. కరీంనగరములో ఒక్క యింటనే కాపురము. ఇంటిపనులు తీరిన పిమ్మట రవికెలు కుట్టుదుము. పెండ్లిండ్లకును పండుగలకును మగ్గము పనియు చేయుదుము. ఎవరి కొలతలు ఎంత, ఎవరు బయానా యిచ్చిరి, ఎవరు బాకీయుండిరి అను లెక్కలన్నియు ఒక పాత కంప్యూటరులో వ్రాసికొనుచుంటిమి. దానిలో విండోస్ 10 ఉండెను. దానికి ఉచితముగ నిచ్చు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆగిపోవునని మైక్రోసాఫ్టువారు ముందుగనే ప్రకటించియుండిరి. మా పాత పెట్టెలో విండోస్ 11 ఎక్కదనియు తెలిసెను. కనుక రెండేండ్లు కట్టిన చిట్టి ఎత్తి, ఆ పైకముతో విడిభాగములు కూర్చి అమర్చిన క్రొత్త కంప్యూటరు నొకదానిని కొంటిమి. లెక్కలకు మాత్రమే కాక, మగ్గము పనికి ముగ్గులు గీచికొనుటకును పనికివచ్చునని, మంచి గ్రాఫిక్స్ కార్డు కూడ వేయించితిమి. దుకాణదారు మర్యాదస్థుడు. "భాగములలో లోపమున్నచో వారము దినములలో తెండు, మార్చి యిచ్చెదను. ఆపైన కంపెనీకి పంపవలసినదే, ఎన్ని దినములు పట్టునో నేను చెప్పజాలను" అని స్పష్టముగ చెప్పెను.

మా ఆడబిడ్డ కూతురు పదునారేండ్ల పిల్ల. ఊరు ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు. బాసరలో చదువుచున్నది. పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకు మనమందరము పోవు ఆ బాసరలోనే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసెను. 2016లో జిల్లాలు విభజింపబడువరకు బాసరయు ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఇప్పుడు నిర్మల్ జిల్లాలో చేరినది. పదవ తరగతి ముగించిన పిల్లలకు అచ్చట ఆరేండ్ల చదువు. పిల్ల పండుగ సెలవులకు అమ్మమ్మ నింటికని మాయొద్దకు వచ్చెను. విండోస్ కొనక లినక్స్ వేసికొన్నచో వేల రూపాయలు మిగులునని చెప్పినది ఆమెయే. ఆ మాట నమ్మి మేము ఖాళీ డిస్కుతోనే పెట్టెను ఇంటికి తెచ్చితిమి.

లినక్స్ అన నేమో తెలియని సోదరీమణులకు రెండు మాటలు చెప్పవలెను. కంప్యూటరును నడపు మూలమైన వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమందురు. విండోస్ అట్టిదే, అది వెలకు దొరకును. లినక్స్ వెల లేనిది. అంతేకాక దాని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇట్టి స్వేచ్ఛ యుండవలెనని 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుచున్న 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, యంత్రభాగములన్నిటితో మాటాడి పని చేయించు 'కెర్నెల్' అను నడిమి భాగమును వ్రాసి లోకమున కిచ్చెను. ఈ రెంటిని, మరి వేలకొలది ఉపకరణములను చేర్చి, ఇంట వేసికొనుటకు అనువుగ నిచ్చు కూర్పులు పెక్కులు గలవు. వానిలో డెబియన్ అనుదానిని 1993లో ఇయాన్ మర్డాక్ మొదలిడెను. తన ప్రియురాలు డెబ్రా పేరును తన పేరును కలిపి దానికి ఆ పేరు పెట్టెను. మన హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారును తెలుగులో నడుచు లినక్స్ కూర్పును తయారుచేసిరి. ఇట్టి కూర్పును పెన్‌డ్రైవులోనుండి డిస్కులోనికి ఎక్కించు సాధనమే ఇన్‌స్టాలరు.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆటయు పాటయు ముగించి వచ్చిన తరువాత, ఆ రాత్రి ఇంటిల్లిపాదియు క్రొత్త పెట్టె చుట్టు చేరితిమి. పిల్ల తన పెద్ద తరగతి స్నేహితురాలి యొద్దనుండి తెచ్చిన పెన్‌డ్రైవును తగిలించెను. అందులోని కూర్పు 2023లో వెలువడినది. తెరపై పట్టిక వచ్చెను. పిల్ల ఇన్‌స్టాల్ అనుదానిని ఎంచి ఎంటర్ నొక్కెను. కూర్పు గుర్తు కనబడెను. దాని క్రింద చిన్న చుక్కల చక్రము రెండుమారులు తిరిగి నిలిచిపోయెను. పది నిమిషములు చూచితిమి, కదలదు. ఆర్పి మరల పెట్టితిమి, అచ్చటనే ఆగెను. మూడవమారు తెర నల్లనై, ఒక మూల చిన్న గీత మాత్రము మిగిలెను.

మా అత్తగారు గడపయొద్ద కూర్చుండి చూచుచు, "పోరి చెయ్యి వెట్టినంకనే ఆగింది. గిన్ని పైసలు వోసి తెస్తిరి, పిల్లల చేతికిస్తరా?" అనెను. ఆమెకు మనుమరాలిపై ప్రేమ లేక కాదు. చిట్టిసొమ్ము పోయెనేమో యను భయము.

పిల్ల, "నేనేం జెయ్యలే అత్తమ్మా. ఒక్కసారి నన్ను జూడనియ్యుండ్రి. దాంట్ల ఒకటున్నది..." అని యేదో చెప్పబోయెను.

మేము చెప్పనీయలేదు. "చాలు బిడ్డా, నువ్వింక ముట్టకు" అని ఇద్దరము ఒక్కమాటగ అంటిమి. పిల్ల మారుమాటాడక లేచి లోపలికి పోయెను.

సోదరీమణులారా, మా తప్పు ఇదియే. ఇంట ఏ వస్తువు చెడినను, చివర దానిని ముట్టినవారిమీద నింద పడుట మన యిండ్లలో అలవాటు. పాలు విరిగిన, ఆ పూట పాలు కాచినదానిదే తప్పు. గ్రైండరు ఆగిన, చివర మీట నొక్కినదానిదే తప్పు. కోడండ్రమై వచ్చిన క్రొత్తలో ఆ నిందలు పడి, గదిలో కన్నీరు తుడుచుకొన్నవారమే మేమును. అయినను మాయొద్దకు వచ్చిన పిల్లమీద ఆ నిందనే వేసితిమి.

తరువాతి నాలుగు దినములు మా ప్రజ్ఞను చూపితిమి. ఎవరికి ఫోను చేసిన వారు ఒక మందు చెప్పిరి. ఒక బంధువు ర్యాము పలకను తీసి తుడిచి మరల పెట్టుడనెను. మరియొకరు బయోస్‌లో, అనగా పెట్టె మేలుకొనగానే ముందుగ కనబడు అమరిక పుటలలో, సెక్యూర్ బూట్ అనుదానిని తీసివేయుడనిరి. ఇంకొకరు డిస్కు నడుచు విధానమును మార్చుడనిరి. మరియొకరు ఏసీపీఐ ఆఫ్ అను మాటను చేర్చిన బాగుపడునని వ్రాసి పంపిరి. మేము ఓపిక లేక, అటుకుల బతుకమ్మ నాటి మధ్యాహ్నమున ఈ నాలుగింటిని ఒక్కమారే చేసితిమి. అప్పటినుండి చక్రమైనను కనబడుట మానెను. కొన్నిమారులు కీబోర్డును పలుకకుండెను. ఏ మార్పువలన ఏది చెడెనో తెలియదు. ఏది యథాస్థితికి తేవలెనో అదియు తెలియదు. కూర చెడినదని ఉప్పును, కారమును, చింతపండును, నూనెను ఒక్కమారుగ మార్చినచో, దేనివలన బాగుపడెనో దేనివలన చెడెనో ఎవరు చెప్పగలరు? వంటలో మాకు తెలిసిన యీ ధర్మమును యంత్రము ముందర మరచితిమి.

ముద్దపప్పు, నానబియ్యము, అట్ల బతుకమ్మలు గడచినవి. పిల్ల పిలిచిన పలుకును, పువ్వులు కోయుటకు వచ్చును, బతుకమ్మ పేర్చును. కాని ఆ గదివంక చూడదు. ఆరవ దినము అలిగిన బతుకమ్మ. ఆనాడు అమ్మవారు అలిగినదని నైవేద్యము పెట్టము, బతుకమ్మను ఆడము. ఆ మరునాటితో దుకాణదారు చెప్పిన వారము తీరును. సాయంకాలము పని లేక ఇద్దరము ఆ మూగపెట్టె యెదుట కూర్చుంటిమి. "అక్కా, పొద్దుగాల దుకాణంల అప్పజెప్పుదామా?" అని చిన్నామె యడిగెను. పెద్దామె కొంత తడవు ఊరకుండి, "మొదటినాడు పిల్ల ఏదో చెప్పవోయింది. ఏందో అడిగినమా మనం?" అనెను.

అడుగలేదు. ఐదు దినములలో పదిమందిని అడిగితిమి. ఇంటనున్న ఆమెను మాత్రము అడుగలేదు. అప్పుడే లేచి పోయి పిలిచితిమి. పిల్ల వచ్చి గోడ నానుకొని నిలుచుండి, నేల చూచుచు చెప్పెను: "అది ఏడ ఆగిందో అదే జెప్తది అత్తమ్మా. మాట్లాడకుమని దాంట్ల రాసివెట్టి ఉంటది. గందుకే జెప్తలేదు."

ఆ మాటకు అర్థమేమో తరువాత కన్నులార చూచితిమి. అయితే పిల్ల వెంటనే యంత్రముపైకి పోలేదు. ముందుగ ఒక నోటుపుస్తకము కావలెననెను. మా రవికెల కొలతల పుస్తకము నొకటి తెచ్చి యిచ్చితిమి. పుటకు నడుమ గీత గీచి, ఒక ప్రక్క 'ఏమి చేసితిమి', ఒక ప్రక్క 'ఏమి కనబడెను' అని వ్రాసెను. ఒకమారు ఒక్క మార్పే చేయవలెను. ఫలితము వ్రాయకుండ రెండవ మార్పు చేయరాదు. ఇది పిల్ల పెట్టిన నియమము. ఈ పుస్తకము వ్రాయు అలవాటు క్రొత్తది కాదట. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డ్ మార్క్ 2 అను గదియంత పెద్ద గణనయంత్రము తప్పుచేయగా, పనివారు వెదకి రిలేల నడుమ చిక్కుకొన్న దీపపు పురుగును కనుగొని, దానిని తమ దినచర్య పుస్తకములో అంటించి క్రింద ఆ సంగతి వ్రాసిరి. ఆ పుట నేటికిని భద్రముగ నున్నది. గ్రేస్ హాపర్ అను విదుషి ఆ యంత్రముతో పనిచేసినవారిలో నొకతె. ఈ కథను ఆమె పలుమారులు చెప్పుచుండెడిది.

మొదటి పని, మేము కలచినదంతయు యథాస్థితికి తెచ్చుట. బయోస్ పుటలలో తొలి అమరికకు తెచ్చు ఏర్పాటు ఒకటుండును. దానిని ఎంచి భద్రపరచితిమి. మరల చుక్కల చక్రము కనబడి, మరల నిలిచెను. పిల్ల, "మంచిది, ఇప్పుడు మొదటి జాగకు వచ్చినం" అని వ్రాసికొనెను. అదే చోట ఆగుటయు ఒక మేలే యని మాకప్పుడు తెలిసెను.

రెండవ పని, యంత్రము ప్రాణముతో నున్నదో లేదో చూచుట. చక్రము ఆగియుండగా కీబోర్డుపై క్యాప్స్ లాక్ మీటను నొక్కెను. దాని చిన్న దీపము వెలిగెను. మరల నొక్కగా ఆరెను. "లోపల మెలకువతోనే ఉన్నది అత్తమ్మా. ముఖమే చూపుత లేదు." దీపము మారకున్నచో యంత్రమంతయు కొయ్యబారినదని ఎంచవచ్చును, మారుచున్నచో తెరకు సంబంధించిన దోషమై యుండవచ్చునని అనుమానింపవచ్చును.

మూడవ పని, పెన్‌డ్రైవులోనికి ఎక్కించిన కూర్పు చెడిపోలేదని రూఢి చేసికొనుట. కూర్పును ప్రకటించువారు దానితోపాటు 64 అక్షరముల ముద్ర నొకదానిని ప్రకటింతురు. దానికి షా-256 అని పేరు. కూర్పులో ఒక్క చుక్క మారినను ఆ ముద్ర పూర్తిగ మారిపోవును. పిల్ల తన స్నేహితురాలినుండి మూలపు దస్త్రమును తెప్పించి, మా పాత కంప్యూటరులో దాని ముద్రను తీసి, ఒకరము చదువగా ఒకరము సరిచూచితిమి. అక్షరమక్షరము కలిసెను. ఆ దస్త్రమునే పెన్‌డ్రైవులో మరల వ్రాసి, వేరొక రంధ్రములో తగిలించి చూచితిమి. అచ్చటనే ఆగెను. కనుక దోషము పెన్‌డ్రైవుది కాదు.

నాలుగవ పని, యంత్రము నోటికి కట్టిన గుడ్డ విప్పుట. మొదటి పట్టికలో ఇన్‌స్టాల్ అను వరుసమీద నిలిచి, ఎంటర్ నొక్కక, 'ఇ' అను ఆంగ్లాక్షరపు మీటను నొక్కెను. లోపలి ఆజ్ఞలు నాలుగైదు పంక్తులుగ కనబడెను. లినక్స్ అను మాటతో మొదలగు పంక్తి చివర 'క్వైట్ స్ప్లాష్' అను రెండు మాటలుండెను. క్వైట్ అనగా మాటాడకుమని. స్ప్లాష్ అనగా లోపల జరుగునది కనబడనీయక పైన బొమ్మ వేసియుంచుమని. చూచువారికి అందముగ నుండవలెనని పెట్టిన మాటలవి. పని చక్కగ సాగునప్పుడు కీడేమియు లేదు. కాని పని చెడినప్పుడు అవి మూసిన తెరలగును. పిల్ల ఆ రెండు మాటలను చెరిపి, కంట్రోల్ మీటను ఎక్స్ మీటతో కలిపి నొక్కెను.

అప్పుడు నల్లని తెరమీద తెల్లని పంక్తులు వరదవలె పరుగెత్తెను. మేము కొయ్యబారి చూచితిమి. ఐదు దినములుగ మూగయని తలచిన యంత్రము ఇన్ని మాటలు మాటాడుచుండెనా! ప్రాసెసరును గుర్తించితిననెను, ర్యామును లెక్కించితిననెను, డిస్కును కనుగొంటిననెను, కీబోర్డు దొరకెననెను. ఇట్లు వందలకొలది పంక్తులు పోయి, ఒక్కచోట ఠక్కున ఆగెను. పిల్ల ఫోనుతో ఆ చివరి పంక్తుల ఫొటో తీసి, పుస్తకములో వ్రాసికొనెను. తెరను గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు తన చేతిలోనికి తీసికొనుచున్నదను అర్థము గల వాక్యమది. ఆ చేతులు మారు ఘడియలోనే తెర మూర్ఛపోయినది.

ఐదవ పని, ఆ చేతుల మార్పును ఆపి చూచుట. మరల పట్టికకు పోయి, 'ఇ' నొక్కి, అదే పంక్తిలో నోమోడ్‌సెట్ అను ఒక్క మాట చేర్చెను. దాని భావమిది: పెట్టె మేలుకొనునప్పుడు బయోస్ చూపు సాదా తెరనే వాడుకొనుము, గ్రాఫిక్స్ కార్డును నీ వశము చేసికొనబోకుము, అని కెర్నెలునకు చెప్పుట. పంక్తులు పరుగెత్తినవి, ఆగిన చోటు దాటినవి, కొంతసేపటికి ఇన్‌స్టాలరు తెర వచ్చెను. అక్షరములు పెద్దవిగ, బొమ్మ మొరటుగ నున్నను, వచ్చెను! అప్పటికి రాత్రి పదకొండు గంటలు. మా అత్తగారు నిద్రలేచి, "ఏమాయెనే?" యని కేక వేసెను.

అయిన నీ మాట చేతికఱ్ఱ వంటిదే గాని కాలు బాగుపడుట కాదని పిల్ల చెప్పెను. అసలు కారణము మరియొకటి. క్రొత్త కెర్నెలు సుమారు తొమ్మిది పది వారముల కొకటి వెలువడును. ప్రతిదానిలోను క్రొత్తగ వచ్చిన యంత్రభాగములతో మాటాడు విద్య కొంత చేరుచుండును. మా పెన్‌డ్రైవులోని కూర్పు 2023 నాటిది. మా కార్డు దాని తరువాత బజారునకు వచ్చినది. నిరుడు కాపురమునకు వచ్చిన కోడలి పేరు అంతకు ముందటి పెండ్లిపిలుపుల జాబితాలో నుండదు గదా! జాబితా తప్పు కాదు, కోడలి తప్పు కాదు.

మాకింకను తెలియునట్లు పిల్ల తన జిల్లా సంగతి యొకటి చెప్పెను. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములో గుంజాల యను గోండు గ్రామము కలదు. అచ్చట గోండి భాషను ఒక ప్రత్యేక లిపిలో వ్రాసిన ప్రతులు తరతరములుగ దాచబడియుండెను. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన జయధీర్ తిరుమలరావుగారును వారి బృందమును వానిని వెలుగులోనికి తెచ్చిరి. లోకములోని లిపులన్నిటికి సంఖ్య లిచ్చు యూనికోడ్ అను పట్టికలో ఆ గుంజాల గోండి లిపి 2018లో చేరెను. పిల్ల హాస్టలు స్నేహితురాలు గోండు బాలిక. తన పేరును ఆ లిపిలో వ్రాసి పంపగా, మా పాత కంప్యూటరులో వరుసగా ఖాళీ గడులు మాత్రము కనబడెను. లిపి ప్రాచీనమే; అక్షరములు సరియైనవే; మా యంత్రము వానిని నేర్చియుండలేదు, అంతే. "నిన్న మన కార్డును పాత కెర్నెల్ గిట్లనే చూసింది అత్తమ్మా" అనెను.

కనుక చేతికఱ్ఱతో నడువక, క్రొత్త కూర్పును తెప్పించుటకు నిశ్చయించితిమి. డెబియన్ 13వ కూర్పు 2025 ఆగస్టు 9వ తేదీన వెలువడెను. అందులోని కెర్నెల్ 6.12. గ్రాఫిక్స్ కార్డులవంటి భాగములు మేలుకొనుటకు ఫర్మ్‌వేర్ అను చిన్న వ్రాతలు కావలెను. వానిలో స్వేచ్ఛగ పంచరానివానిని పూర్వము విడిగ తెచ్చుకొనవలసియుండెడిది. 2022లో డెబియన్ సభ్యులు వోటు వేసి తీర్మానించుటచే, 2023 నాటి 12వ కూర్పునుండి అవి ఇన్‌స్టాలరుతోనే వచ్చుచున్నవి. వేపకాయల బతుకమ్మ నాడు ఫోను ఇంటర్నెట్టుతో దానిని దించుకొని, ముద్ర సరిచూచి, పెన్‌డ్రైవులో వ్రాసితిమి. ఈమారు నోమోడ్‌సెట్ చేర్చలేదు. క్వైట్ అను మాటను మాత్రము ముందుగనే తీసితిమి. పంక్తులు పరుగెత్తి, ఆగవలసిన చోట ఆగక, ఇన్‌స్టాలరు తెర వచ్చెను. భాషను ఎంచుకొనుమనగా జాబితాలో తెలుగు నుండెను. యంత్రము మా భాషలో "ఏ దేశము?" అని యడుగునప్పటికి మాకు కలిగిన సంతోషము వ్రాయజాలము.

డిస్కు ఖాళీది గనుక మేము నిర్భయముగ ముందుకు పోతిమి. పాత కంప్యూటరులో ఈ పని చేయదలచిన సోదరీమణులు ఫొటోలు, లెక్కలు, పిల్లల పత్రములు ముందుగ వేరొకచోట ప్రతి తీసికొనవలెను. డిస్కంతయు తుడుచుటకు ఒప్పుకొన్న తరువాత పోయినది తిరిగి వచ్చునని ఆశ పెట్టుకొనరాదు. మరియొక మాట. మా యంత్రమునకు చివరి పంక్తి గ్రాఫిక్స్ కార్డును చూపెను. మీ యంత్రమునకు డిస్కును చూపవచ్చును, ర్యామును చూపవచ్చును. అందరి జ్వరమునకు ఒకే గుళిక కాదు. నోమోడ్‌సెట్ అను మాటకంటె, చివరి పంక్తిని చదువు నలవాటే మేము నేర్చిన విద్య.

వెన్నముద్దల బతుకమ్మ నాటికి మా లెక్కలన్నియు క్రొత్త పెట్టెలోనికి చేరెను. తెలుగు అక్షరములకు తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించి అందరికి ఉచితముగ నిచ్చిన పోతన, వేమన ఫాంట్లు వేసికొంటిమి. గుంజాల గోండి లిపికి నోటో అను ఉచిత ఫాంటు దొరకెను. పిల్ల స్నేహితురాలి పేరు గడులు వీడి అక్షరములై కనబడెను. దుకాణమునకు పెట్టెను తిరిగి యీయవలసిన పని లేకపోయెను. తీసికొనిపోయియున్నచో ఏమి జరిగియుండెడిదో తలచితిమి: దుకాణదారు భాగములు మంచివేయని చెప్పియుండును, పిల్లయే చెడగొట్టెనని మా యింట స్థిరపడియుండును, ఆమెయు అది నిజమేనేమో యని నమ్మియుండును.

ఆ రాత్రి ఇద్దరము పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని, "తప్పు మాదే బిడ్డా. మొదటినాడే నువ్వు చెప్పేది వినవలసి ఉండె" అంటిమి. పిల్ల సిగ్గుపడి, "ఇగ వోనియ్యుండ్రి అత్తమ్మా" అని జడ సరిచేసికొనెను. అంతకుమించి అననూలేదు, మేము అనిపింపనూలేదు. యంత్రము చేత మాటాడవలదని వ్రాయించినది ఎవరో దూరదేశపు పనివారు. పిల్ల చేత మాటాడవలదని చెప్పినది మేము. మొదటిదానిని చెరుపుటకు ఒక మీట చాలెను. రెండవదానిని చెరుపుటకు మాకు ఐదు దినములు పట్టెను.

సోదరీమణులకు మా మనవి యింతే. ఇంట నేదైన ఆగినప్పుడు, అది యంత్రము గానిండు, పిల్ల చదువు గానిండు, ముందుగ నిందకు మనిషిని వెదకవలదు. చివర ముట్టినవారిని దోషులని కాక, సాక్షులని యెంచి అడుగుడు. ఒకమారు ఒక్కటే మార్చుడు, మార్చినది వ్రాయుడు. ఆగినది ఏమి చెప్పుచు ఆగెనో వినుడు.

ఆ నోటుపుస్తకమునకు దారము కట్టి, కంప్యూటరు ప్రక్కన మేకునకు వ్రేలాడదీసితిమి. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుపోవువరకు ఆడి, బతుకమ్మను నీట సాగనంపి, అందరము చుట్టు కూర్చుండగా మా అత్తగారు సద్దులు పంచుటకు మూత తీసెను. ప్రతియేట మొదటి మలీద ముద్ద ఇంటి పెద్దకొడుకునకు పోవును. ఆ యేడు ఆమె ఎవరితోను ఏమియు ననక, మనుమరాలి చేయి పట్టి తెచ్చి, అరచేతిలో పెట్టెను.